రంద నడవడం లేదని మెషిన్ కొనాలా?

సైనిక్‌పురి నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. వయసు 43, ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఆమె తండ్రి సిద్దిపేట దగ్గర ఒక ఊళ్లో వడ్రంగి, దర్వాజలు, కిటికీలు చేసేవారు. ఆయన పోయాక ఎవరికీ అక్కర్లేకుండా మిగిలిన పనిముట్ల పెట్టెను ఈమె తెచ్చుకున్నారు. చెక్కను నున్నగా చెక్కే రెండు కట్టె రందలు, అయిదారు ఉలులు, ఒక రంపం, గొడ్డలిలా నరికి చెక్కే బాడిస, చెక్క సుత్తి లాంటి కొడతి, మధ్యలో గుంటపడిన సానరాయి అందులో ఉన్నాయి. ఏడాదిగా సెలవు రోజుల్లో బాల్కనీలో పాత డైనింగ్ టేబుల్ మీద పని నేర్చుకుంటున్నారు. నాన్న రందలు నడవకపోతే ఆన్‌లైన్‌లో చవకగా ఒక ఇనుప రంద తెప్పించారు. అదీ గడగడలాడుతూ దూకుతోంది, నార లేచిపోతోంది. ఊరి నుంచి తెచ్చిన పాత కిటికీ రెక్కల చెక్కతో స్టూలు చేస్తే నెల తిరక్కుండా ఊగింది. సుత్తి చప్పుడు భరించలేక కింది ఫ్లాట్ వాళ్లు పైకొచ్చి చెప్పి వెళ్లారు. "ఆ తుప్పు సామాను పాత ఇనుమోడికి వేసెయ్" అని అన్నయ్య అంటున్నారట. ఇదంతా చూసిన భర్త, పెళ్లిరోజు కానుకగా రాణిగంజ్‌లో ఒక కంబైన్డ్ మెషిన్‌కు పదివేలు అడ్వాన్సు ఇచ్చి వచ్చారు. రంద పట్టడం, మందం తీయడం, కోత అన్నీ దాంట్లోనే. 2 హార్స్‌పవర్ మోటారు, మొత్తం 92,000 రూపాయలు. స్టిల్ట్‌లో కారు పక్కన పెడదామంటున్నారు. మిగతా డబ్బు నెలాఖరులోగా కట్టాలి. ఉత్తరం చివర్లో ఆమె ఇలా రాశారు: "మా నాన్నకు ఎడమ చేతి చూపుడు వేలు సగమే ఉండేది, కోత మిల్లులో పోయింది. నాకు మెషినంటే భయమని మా ఆయనకు తెలియదు. ఇంత ఖర్చుకు సిద్ధపడ్డాక ఎలా చెప్పను? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చేతకాక పనిముట్ల మీద నెపం పెడుతున్నానా?"

అమ్మా, ముందు మద్దెల సంగతి. మీ విషయంలో అది నిజంగానే ఓడుగా ఉంది. చవక రందల బ్లేడును గ్రైండింగ్ చేసి పంపుతారు గానీ పదును పెట్టి పంపరు. డబ్బాలోంచి తీసి నేరుగా చెక్క మీద నడిపితే ఎంత చెయ్యి తిరిగిన వడ్రంగికైనా అది దూకుతుంది. కాబట్టి మెషిన్ గురించి తేల్చుకునే ముందు ఒక ఆదివారం దీనికి కేటాయించండి. చేతి పని మీకు పడుతుందో లేదో పదునున్న పనిముట్టు పట్టుకున్నాకే తెలుస్తుంది.

రంద విప్పి బ్లేడు బయటికి తీయండి. ట్యూబ్‌లైటు కింద అంచును మీ వైపు తిప్పి చూడండి. అంచు వెంట సన్నటి తెల్లగీత మెరిస్తే అది మొద్దు. పదునైన అంచు వెలుగును తిప్పి కొట్టదు, అక్కడ గీతే కనబడదు. ఈ పరీక్షకు డబ్బు ఖర్చు లేదు.

సానరాళ్ల సెట్టు ఇప్పుడే కొనకండి. అద్దాల షాపులో 10 మి.మీ. మందం గాజు పలక ఒకటి అంచులు రుద్దించి తెచ్చుకోండి, చెయ్యంత పొడవు, జానెడు వెడల్పు చాలు. హార్డ్‌వేర్ షాపులో నీటి ఎమరీ కాగితం 220, 400, 1000, 2000 నంబర్లవి తీసుకుని, నీళ్లు చిలకరించి గాజు మీద పరవండి. బ్లేడు బల్లపరుపుగా ఉండే వెనక ముఖంతో మొదలుపెట్టాలి. అంచు దగ్గరి 10 మి.మీ. మేర 400 నుంచి 2000 దాకా రుద్దితే, గ్రైండింగ్ గీతలు పోయి మీ ముఖం మసకగా కనబడాలి. చాలామంది ఈ మెట్టు వదిలేసి ఏటవాలు పక్కనే రుద్దుతూ కూర్చుంటారు. అంచు అంటే రెండు ముఖాలు కలిసే గీత. వాటిలో ఒకటి గరుకుగా ఉంటే రెండోది ఎంత నున్నబడినా లాభం లేదు.

ఏటవాలుకు హోనింగ్ గైడు, అంటే బ్లేడును ఒకే కోణంలో పట్టి ఉంచే బిగింపు, వాడండి. చిన్న చక్రం ఉండే పక్క బిగింపు రకం చవకగానే దొరుకుతుంది. రంద బ్లేడు గైడు ముందు నుంచి 50 మి.మీ. బయటికి ఉంటే కోణం 25 డిగ్రీలు, 38 మి.మీ. ఉంటే 30 డిగ్రీలు. ఉలులు గైడులో కింది గాడిలో కూర్చుంటాయి కాబట్టి వాటికి ఇవే కొలతలు 40, 30 అవుతాయి. ఎందుకో మీకు నేను చెప్పక్కర్లేదు, త్రిభుజం గీస్తే తేలిపోతుంది. 25 డిగ్రీల దగ్గర 220తో మొదలుపెట్టి, వెనక పక్క వేలికి సన్నటి గరుకు ఈ కొస నుంచి ఆ కొసదాకా తగిలేవరకు రుద్దండి. మధ్యలో ఎక్కడైనా తగలకపోతే అక్కడికి ఇంకా చేరలేదన్నమాట. తర్వాత 400, 1000. చివర గైడును 30 డిగ్రీలకు మార్చి 2000 కాగితం మీద పదిసార్లు తేలిగ్గా లాగి, వెనక ముఖాన్ని ఒకసారి రుద్ది ఆ గరుకును రాల్చేయండి. మెత్తటి చెక్క ముక్క అడ్డకోత ముఖాన్ని చెక్కి చూడండి, నలగకుండా నున్నగా తెగాలి.

తిరిగి బిగించేటప్పుడు ఏటవాలు కిందికి ఉండాలి. తలకిందులుగా బిగించి నెలల తరబడి అవస్థపడేవాళ్లు ఉన్నారు, ఒకసారి చూసుకోండి. బ్లేడు మీద కూర్చునే రెండో ఇనుప రేకును అంచుకు ఒక మిల్లీమీటరు వెనక బిగించండి. వెలుగుకు పెట్టి చూస్తే ఆ రెంటి మధ్య సందు కనిపించకూడదు, కనిపిస్తే పేళ్లు అందులో ఇరుక్కుని, బ్లేడు బయటికొచ్చే మూతి పూడుకుపోతుంది. పైన పట్టి ఉంచే లివరు బొటనవేలితో నొక్కితే టక్కున పడేంత బిగువుండాలి, వదులైతే అదే గడగడ. ఇక బ్లేడును పూర్తిగా లోపలికి తీసి, చెక్క మీద ఉత్తినే తోస్తూ, వెనకున్న చక్రాన్ని కాస్త కాస్త తిప్పండి. పలచటి పొర లాంటిది లేవడం మొదలవగానే ఆపండి. కొత్తవాళ్ల రంద దూకడానికి మొద్దుదనం తర్వాత పెద్ద కారణం బ్లేడు మరీ కిందికి దిగి ఉండటమే. అడుగున కొవ్వొత్తి ఒకసారి గీస్తే తోపు సగం తేలికవుతుంది.

నార లేవడం వేరే సంగతి. చెక్కను పక్క నుంచి చూడండి. నార గీతలు ఏ దిక్కుకు పైకి ఎక్కుతున్నాయో ఆ దిక్కుకే రంద తోయాలి. ఎదురు తోస్తే బ్లేడు నార కిందికి దూరి చీలుస్తుంది. ముడి చుట్టూ నార దిక్కు మారిపోతుంది కాబట్టి అక్కడ రెండో రేకును అంచుకు అర మిల్లీమీటరు లోపలికి జరిపి పలచగా తీయండి. అన్నట్టు మీ కిటికీ రెక్కలకు పాత పెయింటు ఉంటుంది. పాత పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ, దాన్ని పొడిగా ఎమరీ పట్టకండి. తడిపి గీకి, ఆ చెత్తను కాగితంలో చుట్టి పారేయండి. విరిగిన మేకు ముక్క ఒక్కటి మిగిలినా మీ ఆదివారం కష్టమంతా ఒక్క తోపుతో పోతుంది. చిన్న అయస్కాంతంతో చెక్కంతా తడిమి చూడండి.

మీరు రాసినదాంట్లో నన్ను అన్నిటికంటే ఆపిన మాట "డైనింగ్ టేబుల్". ఊగే బల్ల మీద ఏ రందా నడవదు. మీ తోపులో సగం బల్లను కదపడానికే పోతుంది. మీ నాన్నగారు బహుశా నేల మీద కూర్చుని కాలితో తొక్కిపట్టి పని చేసి ఉంటారు. నేల ఊగదు కాబట్టి ఆయనకు ఆ బాధ లేదు. మీరు నిలబడి చేస్తారు కాబట్టి బరువైన బల్ల కావాలి. పాత ఇళ్లు కూల్చినచోట, లేదా ఎర్రగడ్డ ఆదివారం సంతలాంటి చోట్ల నిండు చెక్క తలుపు దొరుకుతుందేమో చూడండి. దానికి నాలుగంగుళాల మందమున్న కాళ్లు, అడుగున పొడవునా అడ్డబద్దెలు వేసి గోడకు ఆనించండి. ఎత్తు, మీరు చేతులు వదిలేసి నిలబడితే మణికట్టు వచ్చే చోటికి. ఎడమ కొసన అర అంగుళం ఎత్తున ఒక అడ్డపట్టీ బిగిస్తే చెక్క దానికి ఆనుకుని ఆగుతుంది, ఎడమ చేతివాటమైతే కుడి కొసన.

నాన్నగారి పెట్టెకు వస్తే, అన్నీ ఒకే రకంగా చూడకండి. ఉలులు బంగారం. పైతుప్పును కిరోసిన్, 400 కాగితంతో తీసి వెనక ముఖం చూడండి. అంచు దగ్గర తుప్పు గుంతలు ఉంటే అవి దాటేదాకా అరగదీయాలి. తొందరపడి వీధిలో కత్తులకు సాన పట్టేవాళ్లకు ఇవ్వకండి. ఆ చక్రం వేడికి అంచు నీలం రంగు తిరిగితే ఉక్కులో పదును నిలిపే గుణం పోతుంది, ఆ నీలం ఉన్నంత మేర అరగదీసి పారేయాల్సిందే. పైగా కమ్మరి చేసిన పాత ఉలుల్లో అసలు ఉక్కు కొసన కొంత మేరే అతికి ఉంటుంది. కట్టె రందలకు అడుగు ముఖం వంకర తిరిగి ఉంటుంది, స్కేలు అంచు ఆనించి చూస్తే వెలుగు కనబడుతుంది. బ్లేడు లోపలికి లాగి, బ్లేడును పట్టి ఉంచే చెక్క చీలను మాత్రం బిగించే ఉంచి, గాజు మీద పరిచిన 80 నంబరు కాగితంపై అడుగును రుద్దండి. చీల లేకుండా రుద్దితే బిగించాక మళ్లీ వంగుతుంది. బ్లేడు కిందికి దిగాలంటే దాని తల మీద, పైకి రావాలంటే రంద వెనక భాగం మీద చిన్నగా తట్టాలి. మూతి దగ్గర చెక్క పెచ్చులూడి ఉంటే దాన్ని మొరటు పనికి ఉంచుకుని, నున్నటి పనికి ఇనుపది వాడండి. సానరాయి గుంట కూడా అదే 80 కాగితం మీద సమం అవుతుంది. బాడిసను బాల్కనీలో వాడకండి, అది నేల మీద, చుట్టూ చోటున్న చోట చేసే పని. నూనె రాసి దాచండి.

రంపం గీత దాటి ఒకే పక్కకు పోతుంటే ఆ పక్క పళ్లు ఎక్కువ విచ్చుకున్నాయని అర్థం. ఆ పక్కను సానరాయితో పొడవునా ఒకసారి తేలిగ్గా నిమిరి, కోసి చూడండి. నార వెంట కోయడానికి, అడ్డంగా కోయడానికి పళ్ల ఆకారం వేరు. వెంట కోసే పన్ను చిన్న ఉలిలా, అడ్డంగా కోసేది చాకు మొనలా ఉంటుంది. నాన్నగారిది దర్వాజల పని కాబట్టి అది వెంటకోతదే అయి ఉంటుంది. దానితో అడ్డంగా కోస్తే అంచులు చీలుతాయి. అడ్డకోతకు వెనక్కి లాగి కోసే జపాన్ రకం రంపం ఒకటి కొనుక్కోవచ్చు, కొత్తవాళ్ల చేతికి తొందరగా లొంగుతుంది. దాని పళ్లు గట్టిపరిచినవైతే ముక్కోణపు ఆకురాయికి లొంగవు, అరిగాక బ్లేడు మార్చుకోవడమే.

స్టూలు ఊగడానికి రెండు కారణాలు ఉండొచ్చు. కుసి, అంటే బెజ్జంలో దూర్చేందుకు ముక్క కొసన మలిచిన నాలుక, బెజ్జంలోకి వదులుగా పోయి ఫెవికాల్ దాన్ని మోస్తూ ఉండటం ఒకటి. చెక్క మందంలో మూడోవంతు కుసికి ఉంచి, కొడతితో రెండు మూడు తట్లకు కూర్చునేలా ఉలితో సరిచూసుకోవాలి. చేత్తో నొక్కితే జారిపోయేది చాలదు, గట్టిగా కొడితే గానీ పోనిది బెజ్జాన్ని చీలుస్తుంది. రెండోది ఋతువు. మన దగ్గర మే నెల గాలి ఎండు, ఆగస్టు గాలి తడి. అడుగు వెడల్పు టేకు పలక ఆ రెంటి మధ్య అడ్డంగా రెండు మూడు మిల్లీమీటర్లు మారుతుంది. స్టూలు పైపలకను చుట్టూ ఫెవికాల్‌తో అతికించేసి ఉంటే అది కదలబోయి కాళ్ల అతుకుల్ని లాగేస్తుంది. పైపలకను అతికించకుండా, కొంచెం పొడుగు రంధ్రాల్లోంచి స్క్రూలతో బిగించాలి. ఇది మెషిన్‌తో చేసినా ఇంతే.

ఇప్పుడు మెషిన్. ఆ కంబైన్డ్ మెషిన్ చెడ్డదని నేను అనను. రోజూ దర్వాజలు చేసే వర్క్‌షాపుకు అది సరైన వస్తువు. మీకు సరిపోతుందా అన్నదే ప్రశ్న. తీసుకుంటే ఏమేం వస్తాయో చెబుతాను. బరువు రెండు మూడు వందల కిలోలు, పోత ఇనుము, ఒకసారి దింపాక మీరు జరపలేరు. స్టిల్ట్ మీ ఒక్కరిది కాదు, అసోసియేషన్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆడుకునే పిల్లలకు అందకుండా తాళం ఉండాలి. 2 హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు నడిచేటప్పుడు పది ఆంపియర్ల పైన, స్టార్టయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు లాగుతుంది. ఇంట్లోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు దించి నడిపేది కాదు. మీ మీటరు నుంచి విడిగా 4 చదరపు మి.మీ. రాగి వైరు, మోటారుకు తగిన ఎంసీబీ, సరైన ఎర్తింగ్ కావాలి. చప్పుడు 90 డెసిబెల్స్ పైమాటే. 2000 సంవత్సరపు శబ్ద నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగటి హద్దు 55 డెసిబెల్స్, రాత్రి పది తర్వాత 45. కొడతి చప్పుడుకే పైకొచ్చినవాళ్లు దీనికి ఊరుకుంటారా? ధూళి కూడా చూడండి. కట్టెపొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం మొదటి వర్గపు కారకాల్లో చేర్చింది. స్టిల్ట్‌లో లేచిన పొడి కార్ల మీద, అందరి ముక్కుల్లో పడుతుంది.

భయం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మీరు దాన్ని పిరికితనంలా రాశారు. ఇలాంటి చాలా మెషిన్లలో కోత బ్లేడు, రంద బ్లేడ్లను తిప్పే ఇరుసు (కట్టర్ షాఫ్టు) కొసనే ఉంటుంది. మీరు పలక నున్న చేస్తున్నంతసేపూ పక్కన బ్లేడు ఖాళీగా తిరుగుతూనే ఉంటుంది. కోతలో చెక్క బిగుసుకుని వెనక్కి విసిరి కొట్టకుండా బ్లేడు వెనక నిలబడే సన్నటి ఇనుప రేకు, దాన్నే రైవింగ్ నైఫ్ అంటారు, వీటిలో చాలావాటికి ఉండదు. దుకాణంలో మీవారితో వెళ్లి నాలుగు సంగతులు చూడండి: రంద బ్లేడ్లు బిగించిన కట్టర్ బ్లాకు గుండ్రమా చదరమా (చదరమైతే వద్దనండి, వేలు లోతుగా పోతుంది), దాని మీద గార్డు ఉందా, రైవింగ్ నైఫ్ ఉందా, కరెంటు పోయి వస్తే దానంతటదే తిరగని స్విచ్చు ఉందా. ఈ నాలుగిట్లో ఒక్కటి లేకపోయినా మీ భయానిదే రైటు. ఉన్నా సరే, అడుగు కంటే పొట్టి ముక్కను దాని రంద మీద పెట్టకూడదు, ఒక్క తోపుకు మిల్లీమీటరు మించి తీయకూడదు, రంద పట్టేటప్పుడు కోత బ్లేడు విప్పి పక్కన పెట్టాలి. చున్నీ, గాజులు, వేలాడే గొలుసు, విరబోసిన జుట్టు దరిదాపుల్లోకి రాకూడదు. గ్లౌజులు అసలే వద్దు, చేతిని లోపలికి లాగేది అవే.

రెండో దారి, మోటా పని బయట చేయించుకోవడం. ముషీరాబాద్ వైపు టింబర్ డిపోల్లో మీరు కొన్న చెక్కను కోసి, నాలుగు పక్కలా రంద పట్టి, అడిగిన మందానికి తీసి ఇచ్చే ఏర్పాటు దొరుకుతుంది. ధర ఘనపుటడుగు లెక్కన చెబుతారు. అంగుళం మందం, ఆరంగుళాల వెడల్పు, ఆరడుగుల పొడవున్న పలక పావు ఘనపుటడుగు. కావాల్సిన మందానికి మూడు మిల్లీమీటర్లు ఎక్కువే తీయించి, ఇంట్లో నెల రోజులు మధ్య మధ్య పుల్లలు పెట్టి పేర్చి ఉంచి, అప్పుడు చివరి రంద మీరు పట్టండి. కష్టమైన పని మెషిన్‌ది, ఇష్టమైన పని మీది. నష్టమేంటంటే ప్రతి వస్తువుకూ ముందే కొలతలు వేసుకుని వెళ్లాలి, మధ్యలో ఒక ముక్క తక్కువైతే మళ్లీ ఆటో ఎక్కాలి. సెలవు రోజుల్లో స్టూళ్లు, పుస్తకాల అలమర చేసుకునేవారికి నా మొగ్గు దీనివైపే.

మూడోది, బల్ల మీద పెట్టుకునే పన్నెండంగుళాల చిన్న థిక్‌నెసర్, అంటే పలకను ఒకే మందానికి తీసే మెషిన్. 30 నుంచి 40 కిలోలు, ఇద్దరు ఎత్తొచ్చు. చేతులు కట్టర్ దగ్గరికి పోవు, రోలర్లే చెక్కను లాక్కుంటాయి, కాబట్టి భయానికి ఇది మేలు. కానీ చప్పుడులో పెద్దదానికి ఏమీ తీసిపోదు, బాల్కనీలో కుదరదు. వంకర పలకను ఇది సమం చేయదు, వంకరగానే పలచన చేస్తుంది. ముందు ఒక ముఖం మీరు రందతో సరిచేసి పెట్టాలి. అంటే రంద నేర్చుకోవడం ఇందులోనూ తప్పదు.

కింది ఫ్లాట్‌కు వెళ్లేది గాలిలో చప్పుడు కాదు, స్లాబ్ గుండా పోయే దెబ్బ. బల్ల కాళ్ల కింద లారీ ట్యూబు ముక్కలు రెండు మడతలు వేయండి. బెజ్జాన్ని ముందు డ్రిల్లుతో వరుస రంధ్రాలు వేసి ఖాళీ చేస్తే ఉలికి గోడలు చెక్కడమే మిగులుతుంది, దానికి అరచేతి నెట్టు చాలు. కొట్టక తప్పని పని పగలు పదకొండుకో నాలుగుకో పెట్టుకుని, ఆ సమయం వాళ్లకు ముందే చెప్పండి.

మీవారికి ఎలా చెప్పాలన్నారు. ఆయన కొనాలనుకున్నది మెషిన్ కాదు, మీ అవస్థకు విరుగుడు. అది చూశారన్న సంగతి ముందు ఒప్పుకోండి. ఆ తర్వాత వేలి సంగతి సూటిగా చెప్పండి, "చప్పుడు, చోటు" అంటూ చుట్టూ తిప్పితే ఆయన ఊరి బయట షెడ్డు చూసి వస్తారు. వీలైతే పదును పెట్టిన రందతో ఒక పలచటి పొర ఆయన చేతే తీయించి, అప్పుడు మాట్లాడండి. అన్నయ్యగారితో వాదన అక్కర్లేదు. పెట్టె మీ ఇంట్లోనే ఉంది కదా.

అడ్వాన్సు నగదుగా తిరిగి రాకపోవచ్చు. కానీ నెలాఖరు దాటకముందే ఇద్దరూ వెళ్లి, అదే దుకాణంలో వేరే సామానుకు సర్దమని అడగండి, చాలామంది వ్యాపారులు దానికి ఒప్పుకుంటారు. ఆ పదివేలకు తీసుకోవాల్సినవి: నాలుగడుగుల బార్ క్లాంపులు నాలుగు, చెక్కను పట్టి ఉంచేందుకు బల్లకు బిగించే ఏడంగుళాల చెక్కపని వైస్ ఒకటి, మూలమట్టం చూసే ఉక్కు గునియా, అంచుకు సమాంతరంగా గీత గీసే మార్కింగ్ గేజి, పావు అంగుళం ఉలి పెట్టెలో లేకపోతే అది. ఇంకా మిగిలితే మంచి డ్రిల్లు బిట్లు. క్లాంపు మర కొనేముందు పూర్తిగా తిప్పి చూడండి, మధ్యలో పట్టేసేది తీసుకోవద్దు.